మొదటి వాయి

గుండ్రంగా కోసి, రెండు కళ్ళు పొడిచి, ఒక నోరు పెట్టి, నూనెలో వేయించిన బంగాళాదుంప బిళ్ళల్ని మీరూ చూసే ఉంటారు. ఇప్పుడు ప్యాకెట్లలో కూడా అమ్ముతున్నారు. పెళ్ళిళ్ళలో పిల్లలు వాటి కోసం ఎగబడుతుంటే నేను పళ్ళెం పక్కకి జరుపుతాను. మీకు పడవా అని అడుగుతారు. పడకేం, భేషుగ్గా పడతాయి. కోపం, అంతే. నలభై ఏళ్ళ నాటి కోపం, అదీ మా అమ్మ మీద. ఆవిడ మీద చూపించడానికి వీల్లేక దుంప మీద చూపిస్తున్నాను.

ఆ బిళ్ళల్ని మా అమ్మ ఏ ప్యాకెట్టూ చూడకుండా, జంషెడ్‌పూర్‌లో, భుయ్యాడీహ్‌లోని మా రెండు గదుల ఇంట్లో, బొగ్గుల పొయ్యి ముందు కూర్చుని తన బుర్రతో కనిపెట్టింది. నా కోసమే కనిపెట్టింది. మెక్సికో దేశపు పిల్లల పండగ కోసం. నవ్వకండి, నిజమే చెబుతున్నాను.

అప్పుడు నేను ఆరో తరగతి. ఎనభైలు అప్పుడే మొదలయ్యాయి, మా ఊరు ఇంకా బీహారులోనే ఉంది. మా ఇంగ్లీషు టీచరు బెంగాలీ ఆవిడ. ఆవిడకి మెక్సికోలో ఒక కలం స్నేహితురాలు ఉండేది, ఆవిడా బడిపంతులమ్మే. ఆ ఉత్తరాలు మాకు క్లాసులో చదివి, హిందీలో అర్థం చెప్పేది. ఒక ఉత్తరంలో వాళ్ళ పిల్లల పండగ గురించి వచ్చింది. ఏప్రిల్ ముప్పయ్యో తారీకున అక్కడ పాఠాలుండవట. టీచర్లే పిల్లలకి వడ్డిస్తారట. రంగు కాగితాలు అంటించిన కుండలో మిఠాయిలు నింపి, పైన వేలాడదీసి, కళ్ళకి గంతలు కట్టి కర్రతో కొట్టిస్తారట. మన ఉట్టే కదా అనుకున్నాను. బంగాళాదుంపల మీద కారం చల్లుకుని, నిమ్మకాయ పిండుకుని తింటారని కూడా రాసింది ఆవిడ.

టీచరుకి హుషారు పుట్టింది. ఈసారి ఆ పండగ మనమూ చేద్దాం, ఫోటో తీసి వాళ్ళకి పంపిద్దాం అంది. ఒక్కొక్కరూ ఇంటి దగ్గర నుంచి ఆలూతో చేసిన తినుబండారం ఒకటి తేవాలి. చూడగానే నవ్వు రావాలి. ఎవరిది చూసి అందరూ ఎక్కువగా నవ్వుతారో ఆ పిల్ల పళ్ళెం పట్టుకుని ముందు నిలబడుతుంది, తక్కిన క్లాసంతా వెనకాల వరసల్లో. సాక్చి బజారు నుంచి ఫోటోగ్రాఫర్ వస్తాడు. ఫోటో వెనకాల ఆ ముందు పిల్ల పేరు రాసి మెక్సికో పంపిస్తారు.

నాకు అప్పటికి ఫోటో లేదు. ఎవరిదో పెళ్ళి ఫోటోలో అమ్మ చంకలో ఉన్నాను గాని, సరిగ్గా అప్పుడే తల విదిలించానట, మొహం ఉండవలసిన చోట తెల్లగా ఒక మరక పడింది. నా మొహం ఒక కాగితం మీద ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఆ కాగితం సముద్రాలు దాటి వెళ్ళడం, వెనకాల నా పేరుండడం! ఆ రోజు మధ్యాహ్నం ఇంటికి నడిచి రాలేదు, పరుగెత్తాను.

"అమ్మా, మెక్సికో పండగంట, ఆలూతో ఏటైనా సెయ్యాల" అన్నాను చెప్పులు విడవకుండానే.

"మెక్సికో ఎక్కడే? మాంగో అవతలా?" అంది అమ్మ. మాకు తెలిసిన దూరమంటే సువర్ణరేఖ వంతెన దాటి మాంగో, అంతే.

నాన్న ఆ వారం ఏ-షిఫ్టు. తెల్లవారుజామునే వెళ్ళి, మధ్యాహ్నానికి వచ్చి చాప మీద పడుకుని ఉన్నాడు. కళ్ళు తెరవకుండానే, "మాంగో అవతల కాదే పిచ్చిమొకమా, సముద్రాలవతల" అన్నాడు.

"ఆళ్ళు ఆలూలో ఏటేసుకుంతారంట?"

"కారం, నిమ్మరసం" అన్నాను.

"మరింకేటి, మనోళ్ళే" అంది అమ్మ, మెక్సికో సంగతి అక్కడితో తేలిపోయినట్టు.

మా అమ్మ సంగతి చెప్పాలి. ఆవిడ బడికి వెళ్ళలేదు, కానీ ఏ పనైనా చేత్తో పట్టుకుంటే అది లొంగేదాకా వదలదు. మొదటి రోజు ఉడికించిన దుంపల్ని మెదిపి, ఉప్పు కారం కలిపి, బిళ్ళలు తట్టి, వేలితో కళ్ళు పొడిచి నూనెలో వేసింది. వేయగానే అవి పొంగి, కళ్ళు, నోళ్ళు పూడుకుపోయి, గుడ్డి మొహాలై తేలాయి. ఒలమ్మా, ఇయ్యేటి ఇలగయిపోనాయి అని తనే పడీ పడీ నవ్వింది. రెండో రోజు బియ్యప్పిండి కలిపింది. కళ్ళు నిలిచాయి గాని అంచులు విరిగిపోయాయి. మూడో రోజు కిటుకు దొరికింది. ముందు రోజే దుంపలు ఉడికించి, గిన్నెలో పెట్టి, మంచినీళ్ళ కుండ కింద ఉండే తడి ఇసుకలో ఆ గిన్నెని పొద్దుటిదాకా దింపి ఉంచింది. చల్లబడిన దుంప గట్టిపడింది. అప్పుడు మెదిపి, పిండి కలిపి, నూనె రాసిన గుడ్డ మీద పరిచి, గ్లాసు అంచుతో బిళ్ళలు కోసింది. నా పెన్ను మూతతో కళ్ళు. నోటికి స్పూను.

ఆ స్పూను ఇంట్లో ఉన్న ఒకే ఒక్క స్టీలు స్పూను. నాన్న ఎప్పుడో దాంతో రంగు డబ్బా మూత లేపబోతే అంచు ఒక పక్కకి వంగిపోయింది. దాంతో నొక్కితే నోరు ఒక కొస పైకి, ఒక కొస కిందికి వచ్చేది. నవ్వుతున్నట్టూ ఉండేది, ఎవరినో వెక్కిరిస్తున్నట్టూ ఉండేది. నూనెలోంచి తీసిన మొదటి బిళ్ళని జల్లిగంటెలో చూసి నాన్నకి నవ్వాగలేదు. "ఇది మా ఫోర్‌మన్ మొకమే, సెలవడిగితే ఇలగే సూత్తాడు" అన్నాడు.

నేను చెయ్యి చాపాను. అమ్మ గరిటెతో నా చేతి మీద కొట్టింది. "ఆగెహె. పెద్దింటికెల్లాల మొదటి వాయి."

పెద్దిల్లంటే నాన్నని శ్రీకాకుళం వైపు నుంచి ఈ ఊరు తీసుకొచ్చి ఉక్కు కంపెనీలో పనికి పెట్టినాయన ఇల్లు. మావాళ్ళలో చాలామంది అలాగే వచ్చారు, ఎవరో ఒకరి వెనకాల రైలెక్కి. ఎవరు తెచ్చారో ఆ ఇల్లు మనకి పెద్దిల్లు. ఇంట్లో ఏది వండినా, ఆవకాయ కలిపినా, అరిసెలు వండినా, కనీసం పకోడీలు వేసినా, మొదటి వాయి ఆ ఇంటికి వెళ్ళాలి. వెళ్ళేదాకా ఇంట్లో ఎవరూ నోట పెట్టకూడదు, ఎంగిలవుతుంది. వండిన మనిషి కూడా రుచి చూడకూడదు. దాంతో మా ఇంట్లో మొదటి వాయి ఉప్పు ఎప్పుడూ దైవాధీనమే. గిన్నె పట్టుకెళ్ళి ఇచ్చి వచ్చేది నేనే. రాగానే అమ్మ అడిగే మొదటి మాట, "ఉప్పు సరిపోయిందన్నారా?" వాళ్ళు తక్కువైందంటే మిగిలిన పిండిలో కలిపేది. ఆ పెద్దాయన అప్పటికి కంపెనీలో పాతకాపు, ఆఫీసు వాళ్ళతో మాట చెల్లే మనిషి. నాన్న ఇంకా టెంపరరీ. ఆ ఏడాది కొంతమందిని పర్మనెంటు చేస్తారని లిస్టు గురించి అందరూ చెప్పుకుంటున్నారు. మా ఇంట్లో అన్నం కంటే ఆ లిస్టు మాటే ఎక్కువగా నలిగేది.

సరే, ఆ మొదటి వాయి నేనే పట్టుకెళ్ళాను. నా చేతులతో నేనే. పెద్దింటాయన మనవరాలు నా క్లాసే, పక్క బెంచీ. తెలుగులో పలకరిస్తే హిందీలో జవాబు చెప్పేది, అయినా మంచిగానే ఉండేది నాతో. మూత తీయగానే కెవ్వుమంది. "అరే, మమ్మీ, దేఖో, హస్ రహా హై!" అని నవ్వుతున్న బిళ్ళని వాళ్ళమ్మకి చూపించింది. ఆవిడా నవ్వింది. మా అమ్మ ఆవిణ్ణి వదినమ్మ అంటుంది.

"టీచర్‌కి ఇదే తెస్తావా?" అంది ఆ పిల్ల హిందీలో.

"అవును" అన్నాను. గర్వం ఆగక అన్నీ చెప్పేశాను. గ్లాసు సంగతి, పెన్ను మూత సంగతి, బియ్యప్పిండి సంగతి. కుండ కింద ఇసుక సంగతి మాత్రం చెప్పలేదు. స్పూను సంగతీ చెప్పలేదు. అంత తెలివి ఎలా వచ్చిందో గాని అవి రెండూ దాచుకున్నాను. దాచుకుని ఏం బావుకున్నాను లెండి.

ఇరవై తొమ్మిదో తారీకు సాయంత్రం అమ్మ చీర మార్చుకుంది. పెద్దింట్లో పనుంది, వత్తాను అంది. వాళ్ళింట్లో పూజలకీ, పేరంటాలకీ అమ్మ వెళ్ళి సాయం చేయడం మామూలే. ఎవరూ కూలి ఇవ్వరు, ఆవిడ తీసుకోదు, అది మా కృతజ్ఞత. నా బిళ్ళల దుంపలు అప్పటికే ఉడికి ఇసుకలో దిగి ఉన్నాయి. ఇంట్లో నేనొక్కదాన్నే కూర్చుని, రేపు ఎలా నిలబడాలా, పళ్ళెం గడ్డం కిందకి పట్టుకోవాలా, పక్కకి పట్టుకోవాలా అని చేట పట్టుకుని అభ్యాసం చేశాను. తరవాత స్పూను కడిగి పెట్టుకుందామని చూస్తే స్టాండులో లేదు. గూట్లో లేదు. పొయ్యి దగ్గరా లేదు.

చీకటి పడుతుండగా అమ్మ వచ్చింది. చేతులకి నూనె వాసన.

"స్పూనేదమ్మా?"

"ఎక్కడో ఉంటాది, ఎక్కడికి పోద్ది" అంది అటు తిరిగి. కొంచెం సేపటికి స్పూను స్టాండులోనే ఉంది. నేనే సరిగ్గా చూడలేదనుకున్నాను. అమ్మ చెప్పిందంటే నమ్మేదాన్ని అప్పుడు.

మర్నాడు పొద్దున్నే లేచి అమ్మ నా కోసం పద్దెనిమిది బిళ్ళలు వేయించింది. డబ్బాలో అరిటాకు ముక్క వేసి, ఒక్కొక్కటీ మొహం పైకి ఉండేలా పేర్చింది. నిమ్మకాయ సగం చెక్క కాగితంలో చుట్టి పెట్టింది. తలకి నూనె రాసి, రెండు జడలు వేసి, ఎర్ర రిబ్బన్లు కట్టింది. నా మొహంలోకి అంత దగ్గరగా చూస్తూ ఆవిడ ఇదంతా చేసింది. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది.

బళ్ళో బెంచీలు గోడలకి జరిపి, రంగు కాగితాల తోరణాలు కట్టారు. కిటికీకి కుండ కూడా వేలాడుతోంది. నేను వెళ్ళేసరికి పిల్లలంతా ఒక మూల గుమిగూడి పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. టీచరు కూడా చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. మధ్యలో పెద్దింటి పిల్ల. దాని చేతుల్లో పెద్ద స్టీలు పళ్ళెం. పళ్ళెం నిండా, నిమ్మ చక్రాల మధ్యన, నలభై మొహాలు.

నా మాటలు విని చేసుకుని ఉంటారనుకున్నాను ముందు. నేనే వాగాను కదా, నాకు బుద్ధి లేదు, గ్లాసూ పెన్ను మూతా వాళ్ళింట్లోనూ ఉంటాయి కదా అనుకున్నాను. దగ్గరికి వెళ్ళి చూశాను. నలభై మొహాలకీ నోరు ఒక కొస పైకి, ఒక కొస కిందికి ఉంది.

అలాంటి స్పూను జంషెడ్‌పూర్ మొత్తం మీద ఒక్కటే ఉంది. నిన్న సాయంత్రం అది స్టాండులో ఎందుకు లేదో, అమ్మ చేతులకి నూనె వాసన ఎందుకుందో అప్పుడు తెలిసింది. అంతమంది పిల్లల మధ్య నాకు అమ్మ తప్ప ఇంకెవరూ కనబడలేదు. వాళ్ళ వంటింట్లో కూర్చుని, కొంగు బొడ్లో దోపుకుని, ఒక్కొక్క నోరూ ఓపిగ్గా నొక్కుతూ.

టీచరు నా డబ్బా మూత తీసింది. "అరే, సేమ్ టు సేమ్! ఎవరిని చూసి ఎవరు చేశారు?"

పెద్దింటి పిల్ల నా వైపు చూడకుండా చెప్పింది. "మావి నిన్న సాయంత్రమే చేసేశారు టీచర్. వీళ్ళమ్మ మా ఇంటికి పనికి వస్తుంది. అక్కడ చూసి ఉంటుంది."

పనికి! "అబద్ధం" అని అరిచాను. "మా అమ్మే కనిపెట్టింది. అవి కూడా మా అమ్మే చేసింది. ఆ నోళ్ళు చూడండి, అవి మా స్పూనువి!"

క్లాసంతా ఘొల్లుమంది. ఆ రోజంతటికీ ఎక్కువగా నవ్వింది బిళ్ళల్ని చూసి కాదు, నా మాట విని. ఎవరో స్పూన్‌వాలీ అని పిలిచారు, ఆ పేరు మెట్రిక్ దాకా నన్ను వదల్లేదు. టీచరు చెడ్డది కాదు. నా తల నిమిరి, "ఇలా కుళ్ళుకోకూడదు బేటీ, పండగ పూట" అంది. పళ్ళెం నిండుగా ఉన్నది కాబట్టి పళ్ళెం పట్టుకున్న పిల్లే ముందు నిలబడాలంది. అంతటితో ఊరుకోలేదు. ఫోటోలో ఇంకా నిండుగా కనబడాలని నా డబ్బా తీసుకుని, నా పద్దెనిమిదీ ఆ పళ్ళెంలోకి వంచేసింది. నావి ఏవో గుర్తుపడదామని చూశాను. ఏం గుర్తుపడతాను, అన్నీ ఒక్క చేతి పనే.

నన్ను మూడో వరసలో నిలబెట్టారు. ఫోటోగ్రాఫర్ నల్లగుడ్డ కప్పుకుని, రెడీ అన్నాడు. సరిగ్గా అప్పుడు తల దించేసుకున్నాను. కావాలనే దించుకున్నాను. మెక్సికోకి నా పాపిడి వెళ్ళింది. ముందు పిల్లకి ఒక కాపీ ఇచ్చారు. దాన్ని పటం కట్టించి పెద్దింటి ముందుగదిలో వేలాడదీశారని విన్నాను గాని నేను చూడలేదు.

ఇంటికి వచ్చేసరికి అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నా మొహం చూసి చేట కింద పెట్టింది.

"నిన్న పెద్దింట్లో ఏటి సేసినావు?" అన్నాను.

"ఎవులు సెప్పినారు?"

"స్పూను సెప్పింది."

అమ్మ మళ్ళీ చేట తీసుకుంది. "వదినమ్మ అడిగింది. నోరు తెరిసి అడిగినాక కాదని ఎలగంటానే? లిస్టులో మీ నాన్న పేరుండాలంటే ఆ ఇంటి బాబు ఒక్క మాట సెప్పాల. నీకు తక్కువేటి సేసినాను? పొద్దున్నే లెగిసి నీకూ సేసినాను కదా."

"మరి నాకు ముందే సెప్పనేదేటి?"

"సెప్తే ఒప్పుకుందువేటి?"

"ఒప్పుకోను."

"అందుకే సెప్పనేదు" అంది. చేట చెరిగింది. "ఫోటోయే కదే. ఎప్పుడైనా దిగొచ్చు. మీ నాన్న పని ఎప్పుడైనా వత్తాదేటి?"

అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. ఆ పిల్ల మీద నాకంత కోపం రాలేదు, నిజం చెబుతున్నాను. అది పరాయిది, దాని బుద్ధి అది చూపించుకుంది. కానీ నా తలకి నూనె రాసి, రిబ్బన్లు కట్టి, ఓడిపోతానని తెలిసీ నన్ను నవ్వుతూ గుమ్మం దాటించినావిడ నా అమ్మ. ముందు రోజు సాయంత్రమే నన్ను అమ్మేసి వచ్చి, పొద్దున్నే ముస్తాబు చేసి పంపింది. ఆ రోజు అన్నం తినలేదు. మూడు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. నాలుగో రోజు ఆకలి వేసి మాట్లాడాను, అది వేరే సంగతి.

వానలు పడే ముందు లిస్టు వచ్చింది. నాన్న ఏ-షిఫ్టు దిగి, సైకిలు కూడా స్టాండు వేయకుండా గోడకి జారవేసి లోపలికి వచ్చాడు. "పేరుంది" అన్నాడు. అమ్మ అరచేతులు రెండూ మొహానికి అడ్డం పెట్టుకుని అలాగే కూలబడిపోయింది. తరవాత కళ్ళు తుడుచుకుని, "పెద్దింటి బాబు సలవ" అంది.

"ఆయన సలవేటే?" అన్నాడు నాన్న నీళ్ళు తాగుతూ. "సీనియార్టీ పెకారం ఏసినారు. ఆఫీసు గుమస్తా సెప్పినాడు, ఏప్రిల్ మొదట్లోనే సంతకాలయిపోనాయంట. కలపడానికి గాని తీసీడానికి గాని ఎవుల సేతిలోనూ నేదంట."

ఏప్రిల్ మొదట్లో. అప్పటికి మెక్సికో ఉత్తరం ఇంకా మా క్లాసుకి రానేలేదు. అంటే అమ్మ ఆ ఇంట్లో కూర్చుని నలభై నోళ్ళు నొక్కే నాటికి నాన్న పేరు లిస్టులో ఉంది. నన్ను ఇచ్చేసింది దేనికీ కాదు, ఊరికే. నేను అమ్మ వైపు చూశాను. ఒక్క మాట కోసం చూశాను. అయ్యో అంటే చాలు. ఆవిడ పొయ్యిలో బొగ్గులు ఎగదోస్తూ, "అయినా ఆయన ఒక మాట అనే ఉంటారు" అంది. నా వైపు తిరగలేదు.

మర్నాడు సాయంత్రం నాన్నే అడిగాడు, ఆ నవ్వే ఆలూలు సెయ్యే, తిందాం అని. అమ్మ అప్పటికే దుంపలు ఇసుకలో పెట్టి ఉంచింది. కోసింది, పొడిచింది, నొక్కింది. నూనె కాగింది. మొదటి వాయి పన్నెండు బిళ్ళలు దిగాయి. గిన్నెలో వేసి, మూత పెట్టి, నా చేతికిచ్చింది.

"పెద్దింట్లో ఇచ్చేసి రా. నాన్నకి పర్మనెంటయిందని సెప్పు. బేగొచ్చీ."

నేను గిన్నె తీసుకుని బయల్దేరాను. సందు మలుపులో చాపాకల్ ఉంది, మేము నీళ్ళు కొట్టుకునే చేతిపంపు. దాని సిమెంటు గట్టు మీద కూర్చుని మూత తీశాను. పన్నెండు వంకర నోళ్ళు. ఒకటి తీసి నోట్లో పెట్టుకున్నాను. నాలుక కాలింది. ఉమ్మలేదు. రెండోది తిన్నాను, మూడోది తిన్నాను. ఏడుస్తూనే తిన్నాను. మా ఇంట్లో మొదటి వాయి మా వాళ్ళెవరైనా తినడం అదే మొదటిసారి. పన్నెండూ తిని, పంపు కొట్టి, గిన్నె కడిగి, అమ్మ ఏమంటుందో, కొడుతుందో అని, కొడితే బాగుండునని కూడా అనుకుంటూ ఇంటికి వచ్చాను.

అమ్మ పొయ్యి ముందే ఉంది. తడి గిన్నె చూసింది. పెద్దిల్లంత దూరం పోయి ఇంత త్వరగా ఎవరూ రారు. నా మొహం చూసింది. గడ్డం మీద కారం అంటుకుని ఉందేమో, కొంగు అంచుతో తుడిచింది. తిట్టలేదు. చాలా మెల్లగా అడిగింది.

"ఉప్పు సరిపోయిందేటి?"

ఆ మాట ఎప్పుడూ పెద్దింటి వాళ్ళ కోసం అడిగేది. మొదటిసారి నన్ను అడిగింది, నా నోటికి ఎలా ఉందని. ఇన్నాళ్ళకి అమ్మ నా వైపు వచ్చిందనుకున్నాను. ఆ ఒక్క నిమిషం నా కోపమంతా ఎటో పోయింది.

"తక్కువైంది" అన్నాను.

అమ్మ తలూపి, చిటికెడు ఉప్పు తీసి పిండిలో కలిపింది. మళ్ళీ బిళ్ళలు కోసింది, కళ్ళు పొడిచింది, నోళ్ళు నొక్కింది. రెండో వాయి ఇంకా ఎర్రగా, ఇంకా బాగా దిగింది. నేను కంచం తెచ్చుకుని పక్కన కూర్చున్నాను. అమ్మ పన్నెండు బిళ్ళలు లెక్కపెట్టి, నేను కడిగి తెచ్చిన గిన్నెలోనే వేసింది. మూత పెట్టి, చీర సర్దుకుని, గిన్నె మీద కొంగు కప్పుకుంది.

"పొయ్యి సూత్తుండు, నేనే ఇచ్చేసొత్తాను" అని, నా కంచం వైపు చూడకుండా పెద్దింటికి వెళ్ళింది.